సూదిమొన – కత్తెర అంచు

తెలుగులో 'కుట్టు' అనే క్రియకు ఉన్న అర్థవిస్తృతి గమనింపదగినది. తేలు కుడుతుంది. కందిరీగ కుడుతుంది. పసిబిడ్డకు చెవులు కుట్టిస్తారు. మోదుగాకులతో విస్తళ్ళు కుడతారు. చిరిగిన బట్టను కుడతారు. ఈ ప్రయోగాలన్నింటిలోను వాడియైన మొన ఒకటి మరొకదానిలోనికి దిగడం అనే భావమే సామాన్యంగా కనిపిస్తుంది. విస్తరికి గుచ్చే ఈనెపుల్లకు కన్ను ఉండదు, వెంట దారమూ ఉండదు. సూదీ అదే, దారమూ అదే. ఆ పుల్లకు ఒక కన్ను తొలిచి, నారపోగును దాని వెంట నడిపించిన మానవుడెవరో తెలియదు గాని, అతని చేతిపని మాత్రం మిగిలింది. సైబీరియాలోని డెనిసోవా గుహలో ఎముకతో చేసిన కన్నుగల సూది లభించింది. దాని వయస్సు సుమారు 40,000 సంవత్సరాలకు పైమాటే అని పురాతత్త్వవేత్తలు అంటారు. చలిదేశంలో చర్మాలను ఒంటికి అతికినట్లు కుట్టుకోవడానికి అంతకు మించిన సాధనం అప్పట్లో లేదు.

మన ప్రాచీనులు ఈ విద్యను చిన్నచూపు చూడలేదు. వాత్స్యాయనుడు పేర్కొన్న చతుష్షష్టి కళలలో సూచీకర్మకు స్థానం ఉన్నది. సుశ్రుతుడు గాయాలను కుట్టడానికి మూడు తెరగుల సూదులను చెప్పాడు. మాంసం తక్కువగా ఉండే చోట్లకు, కీళ్ళకు రెండంగుళాల గుండ్రని సూది, కండ ఉన్న చోట మూడంగుళాల మూడంచుల సూది, ఉదరం వంటి సున్నితమైన తావులలో విల్లులా వంగిన సూది వాడాలని అతని నిర్దేశం. ఏ పనికి ఏ సూది అనే వివేచన అంత పాతది. శాస్త్రగ్రంథాలకు 'సూత్రం' అనే పేరు కూడా దారం నుండే వచ్చింది. సంస్కృతంలో సూచీకటాహ న్యాయం అని ఒకటి ఉన్నది. ఒకరు కాగు, మరొకరు సూది చేసిపెట్టమని అడిగితే కమ్మరి ముందుగా సూది చేసి ఇస్తాడట. తేలికపని ముందు ముగించుకోవాలని ఆ న్యాయానికి తాత్పర్యం. ఆ కాలపు కమ్మరికి సూది నిజంగా తేలికపని అయి ఉంటుందా అన్నది మాత్రం ఆలోచించవలసిన విషయమే. సన్నని ఇనుపతీగెకు కన్ను తొలిచినవారికే ఆ సంగతి తెలియాలి.

నేటి సూదుల విషయంలో కొత్తగా నేర్చుకొనేవారిని తికమకపెట్టే అంశం ఒకటి ఉన్నది. చేతిసూదులలో అంకె పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. యంత్రపు సూదులలో అంకె పెరిగినకొద్దీ సూది లావెక్కుతుంది. యంత్రపు సూదిపొట్లం మీద 90/14 అని ఉంటే, మొదటి అంకె మిల్లీమీటరులో నూరవ వంతులను తెలుపుతుంది. అంటే ఆ సూది మందం 0.9 మిల్లీమీటరు. పలుచని బట్టకు 75/11, జీన్సు వంటి దళసరి బట్టకు 100/16 వాడతారు. గోనెసంచులకు, పరుపులకు ఇవేవీ పనికిరావు. వాటికి దబ్బనమే శరణ్యం. మొన మొద్దుబారిన సూదిని మార్చడానికి బద్ధకించేవారు బట్టలో పోగులు తెగిన తరువాత యంత్రాన్ని నిందిస్తారు. సుమారు ఎనిమిది గంటల కుట్టు తరువాత సూదిని మార్చడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు.

దారం సంగతికి వస్తే, చేతికుట్టుకు ఎంత పొడవు ఎక్కించాలనేది ముఖ్యమైన ప్రశ్న. పదేపదే ఎక్కించే శ్రమ తప్పుతుందని బారెడు దారం తీసుకున్నవారు చిక్కులు విప్పుకోవడంలో అంతకు రెట్టింపు శ్రమ పడతారు. పైగా ప్రతి కుట్టుకూ బట్టలో నుండి దూరి వచ్చే దారం రాపిడికి నలిగి పీచులు లేస్తుంది. అమెరికాలో బొంతలు కుట్టే స్త్రీలు పద్దెనిమిది అంగుళాలు చాలునంటారు. అది సరిగ్గా మన మూర. మూరెడు పూలు కొలిచే చేతికి మూరెడు దారం కొలవడం ఒకరు నేర్పవలసిన పని కాదు. దారానికి కాస్త తేనెమైనం పట్టిస్తే చిక్కుపడటం ఇంకా తగ్గుతుంది.

వేలికి తొడిగే అంగుస్తానును అనవసరమైన ఆడంబరంగా భావించేవారున్నారు. ఒక్క బొంత కుట్టి చూస్తే ఆ అభిప్రాయం తొలగిపోతుంది. మూడు నాలుగు పొరల బట్టలో నుండి సూదిని నెట్టేటప్పుడు సూది వెనుకభాగం నడిమివేలిలో గుచ్చుకొని రక్తం చిందుతుంది. తెల్లని బట్ట మీద ఆ మచ్చ పడితే చేసిన పని అంతా పాడైనట్లే. అంగుస్తాను మీద కనిపించే చిన్నచిన్న గుంటలు అలంకారానికి చేసినవి కావు. సూది జారిపోకుండా పట్టి ఉంచేవి అవే. మన దర్జీలు వాడేది పైభాగం తెరచి ఉండే ఉంగరం వంటిది. వారు సూదిని వేలి పక్కభాగంతో నెడతారు. వేలికొనతో నెట్టే అలవాటు ఉన్నవారికి మూసిన అంగుస్తాను కావాలి. అలవాటయ్యేంతవరకు రెండూ ఇబ్బందిగానే ఉంటాయి.

కత్తెరల ప్రస్తావన రాగానే దర్జీ దుకాణంలోని కట్టుబాటు గుర్తుకు వస్తుంది. అతని కత్తెరతో కాగితం కత్తిరించడానికి ఎవరికీ అనుమతి లేదు. ఇది మూఢనమ్మకం కాదు. కాగితం నునుపుగా ఉండటానికి దాని తయారీలో సున్నపురాతి పొడి, తెల్లమన్ను వంటి ఖనిజాలు కలుపుతారు. అవి అంచును అరగదీస్తాయి. దర్జీ కత్తెర పిడి వంగి ఉండటంలో కూడా అర్థం ఉన్నది. కిందిభాగం బల్లకు ఆనుకొని సాగడం వల్ల బట్ట పైకి లేవదు, గుర్తుగీత తప్పదు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నగరం కత్తెరల తయారీకి పేరుపొందినది. అక్కడి కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. పాత ఇనుమును కరిగించి చేసే ఆ కత్తెరలను పదును పెట్టించుకుంటూ ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. ఇక కొలత టేపు విషయం ఒక్కమాటలో ముగించవచ్చు: బట్టతో చేసిన టేపు వాడకంలో సాగుతుంది, సాగిన టేపు అబద్ధం చెబుతుంది. అప్పుడప్పుడు దానిని స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

కుట్టుయంత్రం చరిత్ర మిగిలిన సాధనాల చరిత్ర వలె ప్రశాంతమైనది కాదు. ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో తన యంత్రానికి పేటెంటు పొందాడు. పారిస్‌లో 80 యంత్రాలతో సైనికుల దుస్తులు కుట్టించసాగాడు. తమ నోటి దగ్గర కూడు పోతుందన్న భయంతో 1831లో దర్జీలు గుంపుగా వచ్చి ఆ యంత్రాలను ధ్వంసం చేశారు. తిమోనియే 1857లో పేదరికంలోనే మరణించాడు. అమెరికాలో వాల్టర్ హంట్ 1834 ప్రాంతంలో మరింత మెరుగైన యంత్రాన్ని చేసికూడా పేటెంటు తీసుకోలేదు. దానివల్ల కుట్టుపనితో పొట్టపోసుకొనే స్త్రీలు వీధిన పడతారని వెనుదీశాడని చెబుతారు. ఆ స్త్రీల బ్రతుకు అప్పటికే ఏమంత గొప్పగా లేదు. ఆంగ్లకవి థామస్ హుడ్ 1843లో చొక్కాలు కుట్టే పేదరాలి దైన్యాన్ని వస్తువుగా స్వీకరించి రచించిన గేయం ఇంగ్లండునంతటినీ కదిలించింది. యంత్రం వస్తే ఉపాధి పోతుంది, యంత్రం రాకపోతే కళ్ళు పోతాయి. ఆ తరం ఎదుర్కొన్న ఈ సంకటానికి సులభమైన సమాధానం ఏదీ లేకపోయింది.

1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్ తమ తమ యంత్రాలకు పేటెంట్లు పొందారు. ఇద్దరి మధ్య వ్యాజ్యం నడిచి 1854లో హోవే గెలిచాడు. వివాదానికి మూలం సూది కన్ను ఉన్న చోటే అంటే నమ్మడం కష్టం. చేతిసూదికి కన్ను వెనుక ఉంటుంది. సూది మొత్తం బట్టలో నుండి దూరి అవతలికి పోవాలి. యంత్రపు సూదికి కన్ను మొన దగ్గరే ఉంటుంది. అది బట్టలోనికి దిగి, పైకి లేచే క్షణంలో దారం కింద చిన్న ఉచ్చులా ఏర్పడుతుంది. బాబిన్ దగ్గరున్న కొక్కెం ఆ ఉచ్చును పట్టి కింది దారం చుట్టూ తిప్పుతుంది. పైనున్న మీట దారాన్ని బిగించి లాగుతుంది. రెండు దారాలు బట్ట మధ్యలో ముడిపడతాయి. బట్ట అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంటే చాలామంది బాబిన్‌ను శంకిస్తారు. సాధారణంగా తప్పు పైదారంలో ఉంటుంది. యంత్రపు పాదం పైకెత్తి, దారాన్ని మొదటి నుండి మళ్ళీ ఎక్కిస్తే తరచుగా అదే సర్దుకుంటుంది.

యంత్రాలను మొత్తంగా శంకించిన గాంధీమహాత్ముడు 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుయంత్రానికి మినహాయింపు ఇవ్వడం విశేషం. ఆ యంత్రం మనిషి శ్రమను తగ్గించే ప్రేమభావం నుండి పుట్టిందని ఆయన విశ్వాసం. సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతి మీద అమ్మకాలు సాగించినందువల్ల సామాన్య గృహిణికి కూడా యంత్రం అందుబాటులోనికి వచ్చింది. మనదేశంలో 1930వ దశకంలో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ 'ఉషా' యంత్రాలను తయారు చేయసాగింది. భర్తను కోల్పోయిన ఎందరో తల్లులు వరండాలో ఒక మిషను వేసుకొని, పొరుగువారి రవికెలు, లంగాలు కుట్టి పిల్లలను చదివించారు. ఆ ఇళ్ళలో రాత్రివేళ వినిపించే పెడలు చప్పుడుకు ఆ పిల్లల విద్య ఎంతో ఋణపడి ఉన్నది.

ఇటీవలి సాధనాలలో ప్రస్తావించదగినది చక్రపు కత్తి. జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో దీనిని రూపొందించింది. పిడి చివర గుండ్రని బ్లేడు దొర్లుతూ నాలుగైదు పొరల బట్టను ఒక్కసారిగా కోస్తుంది. దుస్తుల తయారీ కోసం వచ్చిన ఈ కత్తిని బొంతలు కుట్టేవారు తమ సొంతం చేసుకున్నారు. కింద ప్రత్యేకమైన చాప, పైన పారదర్శకమైన స్కేలు లేకుండా దీనిని వాడరాదు. పని కాగానే బ్లేడును మూయడం మరచినవారికి అది వెంటనే గుణపాఠం చెబుతుంది. ఒకే కొలత గల ముక్కలు వందలకొద్దీ కావలసిన వారికి ఇది వరమే. నాలుగు పాత చీరలతో బొంత కుట్టుకొనే ఇంటికి దీని అవసరం అంతగా లేదు.

ఎందుకంటే మన బొంతకు ముక్కల కొలత కన్నా చీరల మెత్తదనం ప్రధానం. సంస్కృతంలో బొంతకు 'కంథ' అని పేరు. బెంగాలీలు ఆ పేరునే నిలుపుకొని, పాత చీరల అంచుల నుండి లాగిన రంగుదారాలతోనే అందమైన బొమ్మలు కుట్టారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో నివసించే ఆఫ్రికా సంతతివారైన సిద్దీల స్త్రీలు బొంత అంచు నుండి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. నాలుగు మూలలా 'ఫుల' అనే మడతపెట్టిన చిన్నముక్కలు కుట్టనిదే వారి దృష్టిలో బొంత పూర్తికాదు. తెలుగునాట ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరలను ఊడ్చిన నేలమీద పొరలుగా పరచి, ముందుగా పెద్దపెద్ద కచ్చా కుట్లు వేసి, ఆపైన దగ్గరదగ్గరగా కుడతారు. పాత నూలుబట్టకు నూలుదారమే వాడటం శ్రేయస్కరం. గట్టి పాలియెస్టరు దారం కాలక్రమంలో బలహీనమైన బట్టను కోసివేస్తుందని పెద్దలు హెచ్చరిస్తారు.

ఆ పెద్దల చేతికి సూది అందుబాటులోనే ఉంటుంది గాని, దాని కన్ను మాత్రం దూరమవుతుంది. నలభై ఏళ్ళు దాటగానే చత్వారం మొదలై దగ్గరి వస్తువులు మసకబారుతాయి. వేళ్ళలో నైపుణ్యం చెక్కుచెదరకున్నా, దారం ఎక్కించలేక పని ఆగిపోతుంది. దీనికొక చవకైన ఉపాయం బజారులో దొరుకుతుంది. రేకుబిళ్ళకు బిగించిన సన్నని తీగె వలయం అది. తీగెను సూది కన్నులో దూర్చి, విశాలమైన ఆ వలయంలో దారం పెట్టి వెనుకకు లాగితే సరిపోతుంది. అయినా చాలా ఇళ్ళలో ఆ బిళ్ళ పెట్టెలోనే పడి ఉంటుంది. బడినుండి వచ్చిన మనుమరాలిని పిలిచి "ఒక్కసారి ఎక్కించి పోవే తల్లీ" అంటుంది అమ్మమ్మ. ఆ పిల్ల దారం కొసను నోటితో తడిపి, వెలుతురుకెదురుగా నిలబడి ఎక్కించి ఇస్తుంది. కొందరు అమ్మమ్మలు ఒకటితో సరిపెట్టక, మరునాటి పనికి కూడా కలిపి నాలుగైదు సూదులకు మూరెడేసి దారం ఎక్కించి దిండుకు గుచ్చి ఉంచమంటారు.