చెబితే చేస్తానంటారు

సమస్య

మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని, లెక్కలు చెబుతాను. మావారు బ్యాంకు ఉద్యోగి. బాబు ఈ ఏడు పదో తరగతి, పాప ఆరు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆవిడకి బీపీ, షుగర్ ఉన్నాయి.

పొద్దున నాలుగున్నరకి లేస్తాను. టిఫిన్, నాలుగు క్యారేజీలు, పాప జడలు, అత్తయ్యగారి మాత్రలు అన్నీ చూసుకుని ఎనిమిదింపావు బస్సు పట్టుకోవాలి. తొమ్మిదికల్లా ఫోన్లో హాజరు పడకపోతే అదొక గోల. సాయంత్రం ఇల్లు చేరితే మళ్లీ వంట, పిల్లల చదువులు, మర్నాటికి పిండి. పడుకునేసరికి పదకొండున్నర.

హెడ్మాస్టర్ ప్రమోషన్ రావాలంటే ఈఓటీ, జీఓటీ అనే శాఖాపరమైన పరీక్షలు పాసవ్వాలి. పుస్తకాలు ఎప్పుడో కొన్నాను. నా తర్వాత సర్వీసులో చేరినవాళ్లు కూడా గట్టెక్కారు. వీడియోలు చూసి డైరీ పెట్టి, ఏ గంటలో ఏం చెయ్యాలో రాసుకున్నాను. కొన్నాళ్లు కూడా సాగలేదు. మూడున్నరకి లేచి చదివితే క్లాసులో కళ్లు మూతలు పడ్డాయి. రాత్రి పక్క మీదకి చేరాక మాత్రం ఫోన్ పట్టుకుని గంట గడిపేస్తాను. తర్వాత నా మీద నాకే కోపం వస్తుంది.

మావారు చెడ్డవారు కాదు. “ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను కదా” అంటారు. చెబితే చేస్తారు కూడా. అయినా నాకు టైమ్ ఎందుకు చాలడం లేదు? నాకు క్రమశిక్షణ లేదంటారా?

— ఒక టీచర్, గుంటూరు జిల్లా

సలహా

టీచర్‌గారూ, క్రమశిక్షణకి మీ దగ్గర ఏ లోటూ లేదు. నాలుగున్నర నుంచి పదకొండున్నర దాకా పంతొమ్మిది గంటలు మెలకువగా ఉంటున్నారు. నిద్రకి మిగిలేది ఐదు గంటలు. అందులోంచే ఇంకో గంట తీసి చదువుకి ఇద్దామనుకున్నారు, శరీరం ఒప్పుకోలేదు. ఒప్పుకోదు కూడా. ఇకమీదట ఎలా సర్దుకున్నా నిద్ర జోలికి మాత్రం పోవద్దు. చదివింది తలలో నిలవాలంటే నిద్ర చాలాలని పరీక్షల ముందు మీ పిల్లలకి మీరే చెబుతుంటారు.

మీరు లెక్కల టీచర్ కాబట్టి ఒక లెక్క చెబుతాను. మన దేశంలో జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ, 2024లోనూ సర్వే చేసింది. ఆరేళ్లు పైబడి, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో 2019లో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి పెట్టారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. ఇద్దరికీ కాస్త తగ్గింది. ఇద్దరి మధ్య తేడా మాత్రం 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఐదేళ్లలో ఒక్క నిమిషం. దేశమంతా ఉన్న ఈ తేడాని మీలోని లోపంగా చూసుకుని మీ మీద మీరు కోప్పడుతుంటే నాకు బాధగా ఉంది.

ఆ నిమిషాల్లోకి రానిది ఇంకొకటి ఉంది. అది మీవారి మాటలోనే దొరుకుతుంది. “చెబితే చేస్తాను” అంటున్నారు. చెప్పాలంటే ముందు మీకు గుర్తుండాలి. సిలిండర్ ఎన్నాళ్లొస్తుంది, షుగర్ మాత్రలు ఎన్ని మిగిలాయి, పాపకి చార్టు ఏ రోజుకి కావాలి, బాబు పరీక్ష ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడు... ఇదంతా మీ ఒక్కరి తలలోనే తిరుగుతోంది. పుస్తకం తెరిచినంత మాత్రాన అది ఆగదు. పని పూర్తికాకుండా ఇంకో పనిలోకి మారితే మనసు కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అరగంట దొరికినా ఆ పరీక్షల్లోని ఫైనాన్షియల్ కోడ్ మీ తలకెక్కకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

అందుకే చిల్లర సాయాలు అడగడం మానేయండి. కొన్ని పనులు ఆలోచనతో సహా పూర్తిగా అప్పగించేయండి. మొదటగా అత్తయ్యగారి మందులు. డాక్టర్ చీటీ, వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దడం, మెడికల్ షాపు, పరగడుపున చేయించే రక్తపరీక్ష, అన్నీ మీవారివే. ఆమె ఆయన తల్లి. కొడుకే చూసుకుంటే ఆ పెద్దావిడకీ తృప్తిగానే ఉంటుంది. తర్వాత గ్యాసు, కరెంటు బిల్లు, పాలు, రాత్రి అంట్లు. బాబుకి పదో తరగతి అని మినహాయింపు ఇవ్వకండి. తన క్యారేజీ తను కడుక్కుంటే మార్కులు తగ్గవు. పాప జడలు నానమ్మ వేయలేరా? కూర్చుని చేసే పనే కదా, ఒకసారి అడిగి చూడండి.

కష్టమంతా అప్పగించాక మొదలవుతుంది. ఆయన మర్చిపోతారు. గుర్తు చెయ్యాలని మీకు నాలుక చివరిదాకా వస్తుంది. మందుల విషయంలో మాత్రం మొదటి నెల వారానికోసారి డబ్బా చూడండి, అందులో పొరపాటు జరగకూడదు. మిగతావాటిలో ఊరుకోండి. గ్యాసు అయిపోతే ఆ పూట కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటారు. మళ్లీ మీరే గుర్తు చేయడం మొదలుపెడితే ఆ పని తిరిగి మీ నెత్తికే వస్తుంది.

ఈ పనుల పంపకం మాట రాత్రి అలసిపోయి, విసుగులో ఉన్నప్పుడు ఎత్తకండి. ఒక వారం పాటు చేసిన పనులు ఒక పక్క, గుర్తుపెట్టుకున్న పనులు ఇంకో పక్క రాయండి. ఆదివారం టిఫిన్ అయ్యాక ఆ కాగితం ఆయన ముందు పెట్టండి. ఆయనది చెడ్డ మనసు కాదని మీరే అంటున్నారు. కనబడని పనిని కళ్లెదుట పెడితే ఆయనకి అర్థమవుతుందనే అనుకుంటున్నాను.

వంట కూడా కొంత తగ్గించండి. పొద్దున్నే టిఫిన్ ఒకటి, క్యారేజీలకి పప్పూ కూరా వేరే అంటే నాలుగున్నరకి లేవక తప్పదు. వారంలో రెండు రోజులు పులిహోరో, కిచిడీయో చేసి, అదే టిఫిన్, అదే క్యారేజీ అనండి. ఇంట్లో కొంత సణుగుడు ఉంటుంది, ఉండనివ్వండి.

ఫోన్ సంగతికొస్తే, రోజంతటిలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగని గంట అదొక్కటే. దాన్ని వదలబుద్ధి కాకపోవడం సహజం. సాయంత్రం మీకంటూ పావుగంట, ఇరవై నిమిషాలు దొరికితే రాత్రి ఆ లాగుడు తగ్గుతుంది. ఛార్జర్ మాత్రం హాల్లోకి మార్చేయండి.

ఇక చదువు. ఏ పనికెంత పడుతుందో మనం ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తామని కానమన్, ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. గంటగంటకీ గీసిన మీ డైరీ కూడా అక్కడే దెబ్బతింది. వారంలో మూడు సాయంత్రాలు ఏడు నుంచి ముప్పావుగంట, ఆదివారం పొద్దున గంటన్నర, అంతే పెట్టుకోండి. ఆ మూడు రోజులూ రాత్రి వంట మీవారిది, మీ గది తలుపు మూసి ఉండాలి. లీజర్ పీరియడ్‌ని నమ్ముకోవద్దు, సెలవు పెట్టిన టీచర్ క్లాసు మీ మీద పడుతూనే ఉంటుంది. బస్సులో బిట్లు చూసుకుంటే అది అదనం. ఈఓటీ, జీఓటీ వేర్వేరు పరీక్షలు, రెండూ ఒకేసారి గట్టెక్కాలని ఎవరూ అడగలేదు. ఈసారికి ఈఓటీ ఒక్కటే పెట్టుకోండి. నోటిఫికేషన్ రాగానే ఫీజు కట్టేసి, పరీక్ష తేదీని వంటింటి క్యాలెండర్ మీద మీవారి చేతే రాయించండి. ఆ వారం ఇంట్లో ఎవరి పని ఏమిటో కూడా ఆయన్నే రాయమనండి.