బ్రిటన్‌లో చిన్న పక్షాలు

పార్లమెంటరీ పాలనకు పుట్టినిల్లుగా పేరొందిన బ్రిటన్‌లో రెండు పెద్ద పక్షాలే వంతులవారీగా అధికారం చేపడతాయని చాలాకాలం భావించారు. ఈ భావనకు మూలం అక్కడి ఎన్నికల పద్ధతి. నియోజకవర్గంలో తక్కిన వారికంటే ఒక్క ఓటు అధికంగా పొందిన అభ్యర్థియే విజేత. సగానికి మించిన ఓట్లు రానక్కరలేదు. మన లోక్‌సభ ఎన్నికలలోనూ ఇదే పద్ధతి కనుక దీనిని గ్రహించడం విద్యార్థులకు కష్టం కాదు. దేశమంతటా పలుచగా వ్యాపించిన పక్షానికి ఈ పద్ధతిలో ఓట్లు దక్కుతాయి గాని స్థానాలు దక్కవు.

1974 ఫిబ్రవరి ఎన్నికలలో లిబరల్ పక్షానికి అరవై లక్షల ఓట్లు లభించినా, గెలిచినవి 14 స్థానాలు మాత్రమే. ఏ పక్షానికీ ఆధిక్యం రాలేదు. ప్రధాని హీత్ లిబరల్ నాయకుడు థార్ప్‌తో మంతనాలు జరిపి, అవి ఫలించక రాజీనామా చేశాడు.

2010 మే ఎన్నికలలో కథ మారింది. 650 స్థానాల సభలో కన్సర్వేటివ్ పక్షం 306, లేబర్ 258, లిబరల్ డెమొక్రాట్లు 57 స్థానాలు గెలిచారు. లేబర్, లిబరల్ డెమొక్రాట్లు కలిసినా 315 మాత్రమే. ఐదు దినాల సంప్రదింపుల అనంతరం కామెరాన్ ప్రధానిగా, క్లెగ్ ఉపప్రధానిగా సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడింది. సంకీర్ణమనగా కలగలిసినది. కలగలిసినప్పుడు ఏ రంగు వెలిసిపోతుందన్నదే చిన్న పక్షానికి ప్రాణసంకటం. విశ్వవిద్యాలయ రుసుము పెంచబోమని ఎన్నికలకు ముందు ప్రతిజ్ఞాపత్రాలపై సంతకాలు చేసిన ఆ పక్షంవారే ప్రభుత్వంలో చేరాక, రుసుము గరిష్ఠ పరిమితిని 9,000 పౌండ్లకు పెంచే ప్రతిపాదనను సమర్థించవలసి వచ్చింది. 21 మంది సభ్యులు సొంత నాయకత్వాన్నే ఎదిరించి ఓటు వేశారు. వారు ఆశించిన ఎన్నికల సంస్కరణను సైతం 2011 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు తిరస్కరించారు. 2015లో ఆ పక్షానికి మిగిలినవి ఎనిమిది స్థానాలు! ఓటర్లు, ముఖ్యంగా విద్యార్థులు, మాట తప్పడాన్ని అంత తేలికగా మరువలేదు.

2017లో పది మంది సభ్యులున్న ఉత్తర ఐర్లండ్ పక్షం డి.యు.పి. మంత్రిపదవులు కోరలేదు. బయటినుండి థెరిసా మే ప్రభుత్వానికి మద్దతునిచ్చి, తమ ప్రాంతానికి అదనంగా వంద కోట్ల పౌండ్లు సాధించుకొన్నది. బేరంలో ఈ పక్షమే నేర్పరి అనిపిస్తుంది.

2024 ఎన్నికల లెక్కలు మరింత విచిత్రం. 33.7 శాతం ఓట్లతో లేబర్ 411 స్థానాలు పొందింది. రిఫార్మ్ పక్షానికి నలభై లక్షలకు పైగా ఓట్లు వచ్చినా ఐదే స్థానాలు. అంతకంటే తక్కువ ఓట్లతో లిబరల్ డెమొక్రాట్లకు 72. గెలువగల చోట్లనే వారు శక్తినంతటినీ కేంద్రీకరించడం ఇందుకు ముఖ్య కారణం. 2025 మే నెలలో ఇంగ్లండ్ స్థానిక ఎన్నికలలో రిఫార్మ్ 677 స్థానాలు గెలిచి పెద్ద పక్షాలను కలవరపరచింది. ఓట్లు నాలుగైదు పాయలుగా చీలినప్పుడు, మూడోవంతు కంటే తక్కువ ఓట్లతో ఒక పక్షం సంపూర్ణాధిక్యం పొందవచ్చు. లేదా ఎవరికీ ఆధిక్యం దక్కక, 2010 నాటి మంతనాలే మరల ఆరంభం కావచ్చు.