సుగ్గి దాటి నిలిచే అభ్యాసం

సమస్య

కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న కోసిగి ప్రాంతంలో తెలుగు బోధిస్తున్న ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు ఏటా తనను ఆవరించే నిరుత్సాహానికి పరిష్కారం అడుగుతున్నారు. బడి తెరిచిన జూన్ నుంచి ఆమె ప్రతి పాఠానికీ ముందురోజే సిద్ధమవుతారు. పిల్లల చేత రోజూ చూచిరాత రాయించి, తప్పులను ఆ పూటే దిద్దుతారు. అయితే ఖరీఫ్ పంట ఇంటికి చేరి ఊళ్లు సుగ్గికి కదలగానే, అంటే కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీతకూ మిరపకాయల కోతకూ గుంటూరు వైపు వలస వెళ్లగానే, తరగతిలో సగం బల్లలు ఖాళీ అవుతాయి. ఉగాది నాటికి తిరిగి వచ్చిన పిల్లలు ఒత్తులూ గుణింతాలూ మరచి ఉంటారు. అప్పటికి ఆమె పట్టుదలా సడలి, పాఠం గడిస్తే చాలుననిపిస్తుంది. ఇటువంటి చోట ఉత్తమంగా పనిచేయాలనుకోవడం వృథా ప్రయాసా, పట్టణానికి బదిలీ కోరుకోవడమే మేలా అన్నది ఆమె ప్రశ్న.

సలహా

పిల్లలు వెళ్లిపోవడం ఆమె బోధనలోని లోపం కాదు. వాననే నమ్ముకున్న సేద్యం ఏడాది పొడుగునా కూలి చూపలేని నేలలో అది బతుకు ఏర్పాటు. ఆమె ఆలోచించవలసినది రెండో సంగతి గురించి: పిల్లల హాజరు తగ్గినప్పుడు తన శ్రద్ధ కూడా దానితోపాటే ఎందుకు తగ్గుతున్నదన్నది. పతంజలి యోగసూత్రాలు అభ్యాసం గట్టిపడడానికి మూడు లక్షణాలు చెబుతాయి: దీర్ఘకాలం, ఎడతెగకపోవడమనే నైరంతర్యం, చేసే పనిపై ఆదరమనే సత్కారం. ఈ నైరంతర్యాన్ని ఆమె తరగతి హాజరుపట్టీలో వెతుకుతున్నారు. అది పని చేసేవారిలో ఉండవలసిన గుణం.

ఈ గుణానికి రాయలసీమలోనే ఒక నిదర్శనం ఉంది. 1820లో కడపలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మద్రాసులో మొదలుపెట్టిన తెలుగు చదువును అక్కడ కొనసాగించి, తరువాత అదే ఊరిలో ఒక బంగళా కొని, సొంత జీతంతో పండితులను పోషించి, తాళపత్రాల్లోని కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఒకే పద్యం వేర్వేరు ప్రతుల్లో వేర్వేరు మాటలతో కనిపిస్తే వాటిని పాఠాంతరాలంటారు. వాటిని పక్కపక్కన పెట్టి, సరైనదేదో తేల్చి, మళ్లీ రాయించే ఈ పని ఏ ఒక్క రోజూ గొప్పగా కనిపించేది కాదు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాల సంఖ్య 693. అంతటితో ఆ పని అయిపోయిందనుకోకుండా పదేళ్ల తరువాత, 1839లో, 1164 పద్యాలతో మళ్లీ ప్రచురించాడు. ఈ రెండింటి నడుమ, 1834లో, కంపెనీ ఉద్యోగం పోయి ఇంగ్లండుకు వెళ్లవలసి వచ్చింది. 1837లో తిరిగి వచ్చి వదిలిన చోటనే అందుకున్నాడు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది 1852లో, అంటే ఆయన కడపకు వచ్చిన ముప్పై రెండేళ్లకు. ఆయనకున్న జీతమూ పండితుల అండా కోసిగి ఉపాధ్యాయురాలికి లేవు గనుక ఫలితాలను పోల్చడం అన్యాయం. ఆగిన చోటు తెలిసి ఉండడం, అక్కడికే తిరిగి రావడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

కనుక ఆమె జూన్‌లో మోయలేనంత భారం నెత్తిన పెట్టుకోవడం మాని, ఏడాది పొడుగునా చేయగలిగిన ఒకే ఒక్క పనిని ఎంచుకోవడం మంచిది. ఒక పుస్తకంలో ప్రతి బిడ్డకూ ఒక పుట కేటాయించి, ఏ అక్షరం దగ్గర తడబడుతున్నాడో, ఏ ఒత్తు పలకలేకపోతున్నదో, ఏ పాఠం దగ్గర చదువు ఆగిందో రోజుకు నలుగురైదుగురి చొప్పున రాసుకుంటే, ఆ పని అరగంటకు మించదు. సుగ్గికి బయలుదేరే బిడ్డ పుటలో ఆ తేదీ వేయాలి. తిరిగి వచ్చిన రోజున తరగతి ఎక్కడున్నదని చూడకుండా ఆ పుట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లలను వలసకాలపు సీజనల్ హాస్టల్లో ఉంచేందుకు, ఊరు కదలకముందే బడి కమిటీతో మాట్లాడాలి. సగం ఖాళీ అయిన తరగతి నిజానికి తక్కిన పిల్లల అదృష్టం: ఒక్కొక్కరి పక్కన కూర్చుని చదివించే వీలు ఆ నెలల్లో దొరికినట్టు మరెప్పుడూ దొరకదు.

బదిలీ విషయంలో, ఆరోగ్యమో కుటుంబమో కారణమైతే కోరుకోవడంలో తప్పేమీ లేదు. విసుగు ఒక్కటే కారణమైతే మాత్రం, పట్టణంలో బల్లలు నిండుగా ఉన్నా అదే విసుగు మరో పేరుతో ఎదురవుతుంది. నిర్ణయాన్ని వచ్చే ఉగాది దాకా వాయిదా వేసి, మిరప చేలనుంచి తిరిగి వచ్చే మొదటి బిడ్డ తరగతిలో అడుగుపెట్టేసరికి, ఆ బిడ్డ పేరున్న పుట తెరిచి ఉంచమని ఆ ఉపాధ్యాయురాలికి మనవి.