కారు మీద గీతలు గీస్తే ఉపాసకులు ఏం చేయాలి?



ఈసారి పాఠం ఒక చిన్న విషయం గురించి. స్టేషన్‌కు పోయి చెబితే "ఇంత చిన్నదానికా?" అంటారు కాబట్టి చిన్నది అంటున్నాం. రాత్రి ఇంటి ముందు నిలిపిన కారు తెల్లారి చూస్తే ముందు డోరు నుంచి వెనక డోరు దాకా మేకుతోనో తాళంచెవితోనో బర్రున గీసి ఉంటుంది. ఒక్కోచోట బానెట్ మీద బూతు రాస్తారు. ఒక్కోచోట కులం పేరే రాస్తారు. మీ ఇంట్లో కాకపోతే మీ వాడలో ఎవరో ఒకరికి ఇది జరిగే ఉంటుంది.

అప్పుడు వాడలో రెండు రకాల మాటలు వినపడతాయి. "ఎవడు చేశాడో మాకు తెలుసు, పదండి తేల్చుకుందాం" అని కుర్రాళ్లు. "పోనీలేరా, పెద్దోళ్లతో మనకెందుకు, రంగు వేయించుకో" అని పెద్దలు. మొదటి మాట వింటే ఊరు తగలబడొచ్చు. రెండో మాట వింటే రేపు ఇంకో కారు మీద గీత పడుతుంది. ఈ రెండూ కాని దారి ఉంది. ఆ దారిలో వరసగా వేయాల్సిన అడుగులే ఈ పాఠం.

బండి అంటే మనకు బండి మాత్రమే కాదు

1901లో, పదేళ్ల ప్రాయంలో, బాబాసాహెబ్ తన అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి పనిచేసే ఊరికి బయలుదేరారు. మసూర్ స్టేషన్‌లో దిగారు. ఆ పిల్లలు మహర్లని తెలియగానే బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. అదీ షరతు మీద: ఎద్దుల్ని పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఈ సంగతి రాశారు.

డబ్బు ఇస్తామన్నా బండి ఎక్కనివ్వని చరిత్ర మనది. అందుకే మన ఇంటి ముందు కారు నిలబడితే కొందరి కళ్లకు అది కారులా కనపడదు. మనకూ అంతే. నెలనెలా కిస్తీ కట్టే ఆ బండిలో మన కష్టం ఉంటుంది, పిల్లల సంబరం ఉంటుంది. ట్యాక్సీ అయితే ఇంటిల్లిపాదికీ తిండి అదే. కాబట్టి గీత చూడగానే గుండె మండడం తప్పు కాదు. ఆ మంట చేతిలో మన నిర్ణయం పెట్టడమే తప్పు.

రెండు బాణాలు

సంయుత్త నికాయంలో సల్లత్థ సుత్తం ఉంది. బాణం తగిలినవాడికి నొప్పి ఉంటుంది, అది శరీరానిది. సాధన లేనివాడు ఆ నొప్పి చుట్టూ ఏడుపు, కోపం, కలత పెంచుకుని రెండో బాణం కూడా తగిలినవాడిలా బాధపడతాడు. తథాగతుడి బోధ సారం ఇది.

మీ కారుకు తగిలింది మొదటి బాణం. "నన్ను ఇంత మాటన్నారు, నేనంటే ఇంత లోకువా" అని మూడు రాత్రులు నిద్రపోకపోవడం, ఇంట్లో భార్యాపిల్లల మీద అరవడం, దారిన పోయే ప్రతివాణ్ణీ దొంగచూపు చూడడం రెండో బాణం. మొదటిది ఎవడో వేశాడు. రెండోది మనమే వేసుకుంటున్నాం.

ఇక్కడ జాగ్రత్త. ఈ సుత్తాన్ని చూపించి "అంతా మనసులోనే ఉంది, ఊరుకోండి" అనేవాళ్లు ఉంటారు. మొదటి బాణాన్ని ఒంట్లోనే ఉంచుకోమని ధమ్మం చెప్పలేదు. దాన్ని పీకాలి, గాయం కడగాలి, కట్టు కట్టాలి. మనసు కుదురుగా ఉంటేనే చెయ్యి వణకకుండా ఆ పని చేయగలం.

అందుకే మొదటి పని: పది నిమిషాలు కూర్చోండి. శ్వాస మీద ధ్యాస పెట్టండి. ఆ పది నిమిషాలు ఎవరికీ ఫోన్ చేయొద్దు, స్టేటస్ పెట్టొద్దు.

తుడవకముందే ఫొటో తీయండి

రెండో పని సాక్ష్యం దాచుకోవడం. చాలామంది సిగ్గుతో ముందు గుడ్డ తీసుకుని రుద్దేస్తారు. అలా చేయకండి. బండి మొత్తం, నంబరు ప్లేటు కనపడేలా ఒక ఫొటో. గీత పొడవునా దగ్గర నుంచి నాలుగైదు ఫొటోలు. పక్కన స్కేలు పెడితే ఇంకా మంచిది. బండి నిలిపిన చోటు, చుట్టూ ఇళ్లు కనపడేలా వీడియో. చివరిసారి బండిని బాగా చూసిన టైము, గీత చూసిన టైము కాగితం మీద రాసుకోండి. పక్క ఇంట్లోనో, కిరాణా కొట్టులోనో సీసీ కెమెరా ఉంటే ఆ రోజే వెళ్లి అడగండి. కొన్నాళ్లకు పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. రంగు మీద యాసిడ్ గానీ, బ్రేక్ ఆయిల్ గానీ పోశారనిపిస్తే గబగబా ఫొటో తీసి, చేతులకు తొడుగులు వేసుకుని ధారాళంగా నీళ్లు పోయండి. ఆలస్యమైతే రంగు ఉబ్బి పొరలుగా లేస్తుంది. గుడ్డతో మాత్రం రుద్దకండి.

ఎవరు చేశారో తెలుసా, అనుకుంటున్నామా?

కేసపుత్త గ్రామంలో కాలాములకు బుద్ధుడు చేసిన బోధ మనందరికీ తెలుసు. నలుగురూ అంటున్నారని, చాలాకాలంగా చెప్పుకుంటున్నారని, ఊహకు సరిపోతోందని దేన్నీ నమ్మొద్దు. ఈ సుత్తాన్ని దేవుళ్ల గురించీ ఆచారాల గురించీ మాట్లాడేటప్పుడు బాగా వాడతాం. మన అనుమానాల మీద ఎప్పుడైనా వాడామా?

గీసినవాడు కుల గర్వంతో చేసి ఉండొచ్చు. పార్కింగ్ దగ్గర గొడవపడిన పక్కింటివాడు కావొచ్చు. ఏమీ తోచక గీసిన పిల్లలు కావొచ్చు. మన వాడలోనే ఓర్వలేని తమ్ముడు కావొచ్చు. గీత ఆకారం చూసి కులం చెప్పలేం. కులం పేరు రాసి ఉంటే సంగతి వేరు, అప్పుడు గీత తానే మాట్లాడుతోంది.

ఒక కాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమ వైపు 'చూసింది', కుడి వైపు 'అనుకుంటున్నది' అని రాయండి. "రాత్రి పదకొండుకు బండి బాగానే ఉంది" ఎడమ గడిలోకి వెళ్తుంది. "వాడు మొన్న మనల్ని చూసి నవ్వాడు" కుడి గడిలోకి వెళ్తుంది. ఫిర్యాదులో ఎడమ గడి మాత్రమే రాయాలి. అబద్ధం ఆడనని నాలుగో శీలం తీసుకున్నాం కదా. తెలియనిదాన్ని తెలుసనడం కూడా ఆ శీలానికి భంగమే. ఒక్క తప్పు పేరు రాస్తే, రేపు నిజంగా అన్యాయం జరిగినప్పుడు మన మాటకు విలువ ఉండదు.

గోరుతో చూడండి

ఇప్పుడు రంగు సంగతి. కారు రేకు మీద పొరలుంటాయి: అడుగున ప్రైమర్, దాని మీద రంగు, పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్. అన్నీ కలిపినా దాదాపు మిల్లీమీటరులో పదో వంతే.

గీత మీద అడ్డంగా గోరు జరపండి. గోరు తట్టుకోకపోతే గీత పై పొరలోనే ఉందన్నమాట. రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుని లోపల తెల్లగానో బూడిదరంగుగానో కనపడితే ప్రైమర్ దాకా వెళ్లింది. సన్నటి గీతైతే టచప్ చాలు, పొడవైతే ఆ డోరు మొత్తానికి రంగు వేయించాలి. రేకు మెరుస్తూ కనపడితే ఆలస్యం చేయొద్దు, తేమ తగిలి తుప్పు పడుతుంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి ఇంకా త్వరగా పడుతుంది. డబ్బు సర్దుకునేదాకా కనీసం టచప్ రంగైనా పూసి ఉంచండి.

రంగు కోడ్ బండి మీదే ఒక ప్లేటు మీద ఉంటుంది. ఆ కోడ్ ప్రకారమే కలపమని షెడ్డువాణ్ణి అడగండి. టూత్‌పేస్టు, కిరసనాయిలు లాంటి చిట్కాలు వద్దు. ఇద్దరు ముగ్గురు పెయింటర్ల దగ్గర ఖర్చు రాయించుకోండి. ఆ కాగితాలు ఫిర్యాదుకూ పనికొస్తాయి.

బీమా లెక్క

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మన బండికి జరిగిన నష్టానికి పైసా రాదు. సొంత నష్టం కూడా కలిసిన పాలసీలో కావాలని చేసిన నష్టానికి డబ్బు వస్తుంది. అయితే సరుకు రవాణా బండ్లకు అదనపు ప్రీమియం కట్టి ఉండకపోతే రంగు ఖర్చు మామూలుగా ఇవ్వరు. పాలసీ తీసి చూసుకోండి.

వస్తుంది కదా అని వెంటనే క్లెయిమ్ చేయకండి. ఒక లెక్క చూద్దాం. డోరు రంగుకు 4,500 అనుకుందాం. 1500 సీసీ లోపు సొంత కారుకు తప్పనిసరిగా మనం భరించాల్సింది 1,000. మీకు వచ్చేది మహా అయితే 3,500. మీరు మూడేళ్లుగా క్లెయిమ్ చేయలేదు, నో క్లెయిమ్ బోనస్ 35 శాతం ఉంది. ఈ ఏడాదీ చేయకపోతే 45 శాతం అవుతుంది. సొంత నష్టం ప్రీమియం 8,000 అనుకుంటే వచ్చే ఏడాది మిగిలేది 3,600. క్లెయిమ్ చేస్తే ఆ బోనస్ పోతుంది, మళ్లీ 20 శాతం నుంచి ఎక్కాలి. ఒక్క డోరుకైతే సొంత డబ్బే లాభం. బండి చుట్టూ గీసేస్తే క్లెయిమ్ లాభం. కోపంతో కాకుండా కాగితం మీద తేల్చుకోవాల్సిన విషయమిది.

చట్టం తలుపు తట్టాలా?

తట్టాలి. ఎవరు చేశారో తెలియకపోయినా తట్టాలి. ఇతరుల ఆస్తిని కావాలని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత 324 సెక్షన్ కింద నేరం. నష్టం 20,000 నుంచి లక్ష లోపు ఉంటే రెండేళ్ల దాకా, లక్ష, ఆపైన ఉంటే ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. నష్టం తక్కువైతే మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అయినా రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు రశీదు తీసుకోండి. మళ్లీ జరిగితే ఆ మొదటి కాగితమే మాట్లాడుతుంది.

కులం పేరు రాసినా, నలుగురిలో కులం పేరుతో తిట్టినా 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి అడగాలి. ఆ రాతను ఫొటో తీసి, పోలీసులకు చూపించాకే చెరపండి. 2018 సవరణ తర్వాత ఆ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. చేసినవాడు ఎస్సీ, ఎస్టీ అయితే మాత్రం ఈ చట్టం వర్తించదు.

"మీరు బౌద్ధులు కదా, ఎస్సీ చట్టం మీకెందుకు?" అని ఎవరైనా అడిగితే తడబడకండి. 1990 సవరణతో బౌద్ధం తీసుకున్న షెడ్యూల్డ్ కులాలవారికి ఎస్సీ హోదా చట్టబద్ధంగా ఉంది. దీక్ష తీసుకున్నందుకు రక్షణ పోదు.

మైత్రి అంటే లొంగిపోవడం కాదు

బాబాసాహెబ్ అహింసను కళ్లు మూసుకుని పాటించే నియమంగా చూడలేదు, ఆలోచించి ఆచరించే సూత్రంగా చూశారు. వాడి బండి మీద మనమూ గీయడం హింసే. దానివల్ల మన గీత పోదు, రెండు ఇళ్లలో గీతలుంటాయి. కానీ ఫిర్యాదు రాయడం హింస కాదు. ఎవడిమీదా ద్వేషం లేకుండా, అక్షరం తప్పు లేకుండా ఫిర్యాదు రాయడం సమ్యక్ వాచకమే.

చేసినవాడు దొరికితే? కుర్రవాడై, ఇంటివాళ్లు తప్పు ఒప్పుకుని రంగు ఖర్చు పెట్టుకుంటామంటే ఆలోచించొచ్చు. నలుగురి ముందు, కాగితం మీద రాయించుకోండి. కులం పేరుతో అవమానించినవాణ్ణి మాత్రం "ఊరి పరువు" కోసం రాజీ పడమంటే పడకండి. ఆ నిర్ణయం ఊరి పెద్దలది కాదు, మీది.

ఇంకొక మాట. "మన కారే ఎందుకు గీశారు నాన్నా?" అని పిల్లలు అడుగుతారు. "ఏం లేదులే" అనకండి. "ఎవరు గీశారో ఇంకా తెలియదు. తెలుసుకుంటున్నాం. గీత పడింది రేకు మీద. దాన్ని బాగుచేయించుకుంటాం. మనం ఎవరి బండినీ గీయం" అని చెప్పండి. తండ్రి ఆ రోజు ఎలా నడుచుకున్నాడో చూసే పిల్లలు పంచశీల నేర్చుకుంటారు.

వారపు సమావేశంలో చర్చకు

1. మీ వాడలో ఈ మధ్య ఎవరి బండికైనా నష్టం జరిగిందా? అప్పుడు 'చూసింది' ఎంత, 'అనుకున్నది' ఎంత?

2. "పోనీలే" అనడంలో క్షమ ఎప్పుడుంటుంది, భయం ఎప్పుడుంటుంది? ఉదాహరణలతో చెప్పండి.

3. మన సంఘంలో ఫిర్యాదు రాయగలవారు, స్టేషన్‌కు తోడు వెళ్లగలవారు ఎవరెవరు? ఇద్దరి పేర్లు ఈ రోజే తేల్చుకోండి. వారిలో ఒకరు మహిళ అయితే మంచిది.

జై భీమ్. నమో బుద్ధాయ.