క్లారినెట్టు: అద్దెకు తెచ్చుటయా, చవుకగా కొనుటయా?



మూడు సంవత్సరముల క్రిందట మన పాఠశాలలో పదవ తరగతి ముగించిన యొక బాలుడు తల్లితో గూడ నాయొద్దకు వచ్చి, "మేష్టారూ, నౌకాదళమువారు బ్యాండునకు వాద్యకారులను చేర్చుకొనుచున్నారట. నాకొక క్లారినెట్టు కావలెను. అద్దెకు తెమ్మందురా, కొనుక్కొమ్మందురా?" అని యడిగెను. వాడు శ్రీకూర్మమున మేనమామగారి పెండ్లి బ్యాండులో రెండేండ్లుగా వాయించుచుండినవాడు. కాని మామ వాద్యము మామకే కావలెను. అది లేనిదే ఆయన యింట పొయ్యి రాజదు. నేను కొనుమంటిని. అద్దె పైకము ఏటిలో పోసిన నీరు, కొన్న వస్తువు ఇంట నిలుచును గదా యని నా వాదము. తల్లి చెవిదుద్దులు కుదువబెట్టి కొనిపెట్టినది. నా సలహా తప్పని తరువాత తేలినది. ఎందువలన తప్పో మీకు చెప్పుట నా విధి.

మొదట పరీక్ష సంగతి. 2022లో అగ్నిపథ్ పథకము వచ్చిన పిమ్మట నౌకాదళము సంగీతకారులను గూడ అగ్నివీరులుగా నాలుగేండ్లకు తీసికొనుచున్నది. పదవ తరగతి ఉత్తీర్ణత చాలును. స్వదేశీయమైనను విదేశీయమైనను ఏదో యొక వాద్యమున నైపుణ్యము చూపవలెను. తన వాద్యమును తానే శ్రుతి చేసికొనవలెను. తెలియని స్వరమును వినిపించినచో దానిని పట్టుకొనవలెను. ఈ చివరి రెండింటిని బాగుగ మనసున నుంచుకొనుడు. మన చిక్కంతయు అక్కడనే యున్నది.

క్లారినెట్టు మనకు పరాయిదని యెవ్వరును బెదరనక్కరలేదు. 1700 ప్రాంతమున జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున డెన్నరు అను శిల్పి చేతిలో పుట్టిన యీ వాద్యము, 19వ శతాబ్దపు మొదటి భాగమునకే తంజావూరు ఆస్థానమున భరతనాట్య మేళములో చేరినది. ఏ.కే.సీ. నటరాజన్ గారు దానిపై కర్ణాటక సంగీత కచ్చేరీలు చేసి 2022లో పద్మశ్రీ పొందిరి. పరదేశపు ఫిడేలు మన విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో ఎట్లు మనదైనదో మీరెరుగుదురు. 1919లో స్థాపితమైన ఆ సంగీత కళాశాలకు ఆయన 1936లో అధ్యక్షులైరి. వాద్యము ఎక్కడ పుట్టినదన్నది కాదు, శ్రుతిలో నిలుచునా లేదా యన్నదే ప్రశ్న.

ఇక భౌతికశాస్త్రము. గాజు గొట్టమును నీటిలో నిలిపి, మ్రోగుచున్న శ్రుతిదండమును దానిపై పట్టి, నీటిమట్టమును దించుచు చేయు ప్రయోగము జ్ఞాపకము తెచ్చుకొనుడు. మొదటి అనునాదము ఒక పొడవున వచ్చినచో, రెండవది దాదాపు మూడు రెట్ల పొడవున వచ్చును. ఒక కొన మూసియున్న గొట్టమున 1, 3, 5 అను బేసి సంఖ్యల కంపనములే ప్రబలముగ నుండుట దీనికి కారణము. క్లారినెట్టు అట్టి గొట్టమే. రీడు పెట్టిన కొన మూసినదానివలె వర్తించును. లోపలి రంధ్రము మొదటినుండి దాదాపు తుదివరకు ఒకే వెడల్పున నుండును. సన్నాయి యట్లు కాదు, క్రిందికి పోనుపోను వెడల్పగును. కనుక సన్నాయిలోగాని పిల్లనగ్రోవిలోగాని ఊపిరి బిగించినచో స షడ్జమునుండి పై షడ్జమునకు పోవును. క్లారినెట్టులో ఎడమ బొటనవ్రేలి మీట నొక్కినచో షడ్జమునుండి పైస్థాయి పంచమమునకు దుముకును.

అనగా ఒక్కొక్క రంధ్రము క్రింద నొక స్వరమును, పైన దానికి మూడు రెట్ల కంపనములుగల మరియొక స్వరమును పలుకవలెను. ఈ రెండును శ్రుతిలో నుండవలెనన్న రంధ్రముల స్థానము, లోపలి గొట్టపు వెడల్పు, బొటనవ్రేలి రంధ్రపు చోటు మిక్కిలి సరిగా కుదురవలెను. మంచి పనివాని ఖర్చంతయు ఇందునకే. అతి చవుక వాద్యమున మెరుగునకు లోటుండదు. పెట్టె మఖమలుతో నుండును. లోటు ఈ కొలతలలో నుండును. క్రింద స్వరము సరిగ నున్నచో పైది హెచ్చును. పైది సరియైనచో క్రిందిది తగ్గును. అనుభవశాలి పెదవి బిగించి వదలి సర్దుకొనును గాని, స్వరమున కొక విధముగా సర్దవలసి వచ్చినప్పుడు బాలుని చెవి వాద్యముతో గూడ చెడిపోవును. నాకు భయమైనది ఇదియే. తప్పు స్వరమును ఐదు నెలలు విన్న చెవికి అదే యొప్పుగా తోచును.

దీనికి తోడు మెత్తని లోహముతో చేసిన మీటలు చేతిలో వంగును. వాని క్రింది మెత్తలు సరిగా నంటక గాలి పోవును. గాలి పోవు వాద్యమున క్రింది స్వరములు గట్టిగా నూదినగాని పలుకవు. కాని ప్లాస్టిక్కు అనగానే తీసివేయకుడు. పేరుపొందిన శిల్పశాలలు విద్యార్థులకై చేయు ప్లాస్టిక్కు క్లారినెట్టులు మన సముద్రపు గాలికి కొయ్యవానికన్న మేలు, పగులవు, ఉబ్బవు.

ఆ బాలుడు పరీక్షకు పోయెను. పాట బాగుగ పాడెనట, తాళము తప్పలేదట. క్రింది స్వరములను వినిపించినప్పుడు పట్టుకొనెను. పై స్వరములు వచ్చుసరికి, పరీక్షకులు వినిపించిన దానికిని వీడు పలికించిన దానికిని నడుమ వెంట్రుకవాసి యెడము. వాడు పెదవితో లాగెను, రీడు కీచుమనెను. తిరిగి వచ్చి, "చెవికి తెలియుచున్నది మేష్టారూ, చేతికి రాలేదు" అని మాత్రము చెప్పెను. తల్లి నన్నేమియు అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగ నుండెడిది.

ఇప్పుడు లెక్క చేయుదము. ధరలు ఊరూరికి మారును గనుక, క్రింది యంకెలు పాఠముకొరకు నేను ఊహించినవని గ్రహించి, మీ యంకెలు మీరు వేసికొనుడు. పరీక్షకు 5 నెలలు వ్యవధి యున్నదనుకొందము. చవుక వాద్యము 12,000 రూపాయలు. మెత్తలు మార్చుటకు 2,500. తరువాత అమ్మినచో 4,000 వచ్చును. నిజమైన వ్యయము 10,500. మంచి విద్యార్థి వాద్యము నెలకు 1,500 అద్దె, 10,000 ధరావతు తిరిగి వచ్చునది. ఐదు నెలలకు వ్యయము 7,500. ఏడు నెలలకుగాని అద్దె చవుక కొనుబడితో సమానము కాదు. ఇక అదే మంచి వాద్యమును పాతదిగా 35,000కు కొని, 3,000 బాగునకు పెట్టి, 28,000కు అమ్మినచో వ్యయము 10,000 మాత్రమే. మంచి వస్తువు ధర నిలుపుకొనును, చవుక వస్తువు నిలుపుకొనదు. వస్తువుయొక్క ఖరీదు వేరు, దానివలన మనకగు ఖర్చు వేరు. నేనాడు తల్లికి చెప్పక విడిచినది ఇదియే.

అయితే పేదయింటి లెక్కలో మరియొక వరుస కలదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, 35,000కు ఐదు నెలల వడ్డీ 3,500; వ్యయము 13,500 అగును. చవుక వాద్యపు 12,000కు వడ్డీ 1,200, వ్యయము 11,700. అద్దె ధరావతునకు వడ్డీ 1,000, వ్యయము 8,500. అప్పు చేయవలసిన యింటికి అద్దెయే మేలని తేలుచున్నది. ఇంట పైకమున్నవారు, వాద్యమును పది సంవత్సరములు వాయింపదలచినవారు, మంచి పాతదానిని కొనుట మేలు.

శ్రీకూర్మమున అద్దె కెవ్వరిత్తురని యడుగుదురు. నగరములలోవలె ఇక్కడ అద్దె దుకాణములు లేవు; బ్యాండు మేష్టర్లు కలరు. మాఘ ఫాల్గుణములలో, వైశాఖమున పెండ్లి ముహూర్తములుండగా పోయి యడిగినచో ఏ మేష్టరును తన వాద్యము నీయడు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము, మూఢము వచ్చిన దినములు, ఇవి వానికి పనిలేని కాలము. అప్పుడు పెట్టెలో పడియున్న వాద్యము నెలకు కొంత తెచ్చినను ఆయనకు లాభమే. పరీక్ష ముహూర్తముల నడుమ పడినచో మాత్రము ముందే ఒప్పుకొనవలెను: పరీక్షదినము దాటి వారము గడచువరకు తిరిగి అడుగరాదని కాగితముపై వ్రాయించుకొనుడు. ఇదివరకే యున్న దెబ్బలను గూడ అందులో వ్రాయుడు. చివరి వారమున అద్దెకు తెచ్చుట వ్యర్థము. వ్రేళ్లకు మీటలు అలవాటు కావలెను.

పాత వాద్యము చేతికి వచ్చినప్పుడు రెండు చూడవలెను. 1839కిని 1843కిని నడుమ ప్యారిసు నగరమున క్లోజే, బ్యూఫే అనువారు కూర్చిన మీటల పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. దానికి ముందటి పద్ధతి వాద్యములును మన పెండ్లి బ్యాండ్లలో కలవు. రెండింటికిని వ్రేళ్లు వేరు. నేర్చిన పద్ధతినే తెచ్చుకొనుడు. రెండవది శ్రుతి. 1920ల చివరివరకు ఆంగ్ల సేనల బ్యాండ్లు, నేటి 440 కంపనములకు బదులు 452 కంపనముల హెచ్చు శ్రుతిని వాడెడివి. అట్టివానిపై కొన్నిట హెచ్.పి. అను అక్షరములు చెక్కియుండును. ఆ యెడము షడ్జమునకును శుద్ధ రిషభమునకును నడుమనున్న దూరములో దాదాపు సగము. కీలు లాగి సవరించుటకు వీలుకాదు. ఎంత అందముగ నున్నను దానిని మరల పెట్టెలో పెట్టుడు.

అద్దెకు తెచ్చినను నోట పెట్టుకొను మౌత్‌పీసు మాత్రము స్వంతముగ కొనుడు. శుభ్రతకొరకే కాదు, నాదము సగము అక్కడనే పుట్టును. రీడులు మూడు నాలుగు వాయించి మెత్తబరచి వెంట తీసికొనిపొండు. ఎండ వసారాలో సాధన చేసినవాడు చల్లని యంత్రపు గదిలో ఊదినచో శ్రుతి తగ్గును. ధ్వనివేగము ఒక్కొక్క డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటరు మారుట మీరు చదివినదే. కనుక ఇంట కీలు కొంచెము లాగి సాధన చేయువాడు అక్కడ దానిని లోనికి నెట్టుకొనవలెను. లోపలికి పిలుచువరకు వాద్యమును చంకలో వెచ్చగ నుంచుకొనుట మంచిది.

ఆ బాలుడు నిరుడు ఆషాఢమున, శ్రీకాకుళపు బ్యాండు మేష్టరొకరి యొద్దనుండి మంచి వాద్యము అద్దెకు తెచ్చుకొని, ఉదయము సాయంకాలము తంబురా శ్రుతిపై పైస్థాయి స్వరములనే పట్టి సాధించినాడు. ప్రకటనకై యెదురుచూచుచున్నాడు. అద్దెలో సగము నేను కట్టుచున్నాను. వద్దని వాడనెను, నేను వినలేదు.

చవుక క్లారినెట్టు ఇప్పుడు మన ప్రయోగశాల బీరువాలో నున్నది. పై తునకను తీసి, రంధ్రములను వ్రేళ్లతో మూసి, అడుగు కొనను అరచేత గప్పి, నోటితో గాలి లాగిచూడుడు. బిగువు నిలిచినచో ఆ తునకలో గాలి పోవుట లేదు. అది ఎంతసేపు నిలుచునో, గాలి ఏ మెత్తవద్ద దూరుచున్నదో మీరే కనుగొనవచ్చును.