పడవ మోటారుకు బ్యాటరీ, కేబుల్: అల్లుడికి ఉత్తరం

షాలిబండ,
హైదరాబాద్.

చి. శ్రీనుకు,

పడవకు కరెంటు మోటారు కొన్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన లేబుల్ ఫోటో కూడా చూశాను: 12 వోల్టులు, 55 పౌండ్ల థ్రస్టు, గరిష్ఠంగా 50 ఆంపియర్లు. "ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది, పెట్టేయనా మామా?" అని అడిగావట. ఫోన్లో చెబితే సగం ఇటు విని అటు వదిలేస్తావు. కాగితమైతే కొట్టుకు పోయేటప్పుడు జేబులో పెట్టుకుంటావని రాస్తున్నా.

ఆ లేబుల్ మీద అందరూ చూసేది పౌండ్లు. నువ్వు చూడాల్సింది ఆ 50. బ్యాటరీ ఎంతది, కేబుల్ ఎంత లావు, బ్రేకర్ ఎంత అన్నదంతా ఆ అంకెను బట్టే తేలుతుంది. మీ ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్ లాగేది 9 ఆంపియర్లకు కొంచెం లోపే. దానికి అయిదారింతల కరెంటు నీ కాళ్ల దగ్గర, నీళ్ల మధ్య, నడుస్తుందన్నమాట. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ లూజు కనెక్షన్ దగ్గర ప్లాస్టిక్ కరిగించడానికి ఆ 12 వోల్టులే చాలు.

కారు బ్యాటరీ జోలికి పోకు. అది సెల్ఫ్ కొట్టడానికి చేసింది. రెండు మూడు సెకన్లు వందల ఆంపియర్లు ఇస్తుంది, వెంటనే ఆల్టర్నేటర్ దాన్ని నింపేస్తుంది. అందుకే లోపల పల్చటి ప్లేట్లు ఎక్కువగా పేరుస్తారు. గంటల తరబడి అడుగంటా వాడితే ఆ ప్లేట్ల మీది మందు రాలి కిందకు చేరుతుంది. అలా చచ్చిన బ్యాటరీలు మా కొట్టుకు వస్తూనే ఉంటాయి. తమాషా ఏంటంటే, నీ పడవకు కొన్న ఈ ట్రోలింగ్ మోటారు పుట్టిందే సెల్ఫ్ మోటారులోంచి. 1934లో అమెరికాలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఎ కారు సెల్ఫ్ మోటారు తీసి దానికి షాఫ్టు, ప్రొపెల్లర్ తగిలించాడు. మోటారు కారులోంచి వచ్చిందని బ్యాటరీ కూడా కారుదే పెడతారు కొందరు.

ఇక నీ ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి. ట్యూబులర్ కాబట్టి ఇది కారు బ్యాటరీ కన్నా చాలా నయం, లోతుగా వాడినా తట్టుకుంటుంది. కానీ 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) అయితే యాసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది, పొడుగు మనిషిలా నిలబడి ఉంటుంది. చిన్న పడవ ఒక పక్కకు ఒరిగితే అదీ ఒరుగుతుంది. పైగా ఆ 150 అనేది 20 గంటల లెక్క, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా తీస్తే వచ్చేది. ఒక్కసారిగా 50 లాగితే సీసం బ్యాటరీ అంత ఇవ్వదు. 100 ఏహెచ్‌ది కొత్తదైనా ఫుల్ స్పీడులో గంటన్నర కూడా రాదు. ప్లేట్లు బతకాలంటే సగం దగ్గరే ఆపాలి కాబట్టి చేతికొచ్చేది అరగంట, ముప్పావు గంట. నీది పాతది కూడానాయె.

నేను అమ్మేది సీసం బ్యాటరీలే. అయినా చెబుతున్నా, పైసలు సర్దుకోగలిగితే 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ తీసుకో. 12, 13 కిలోలుంటుంది, ఒంటి చేత్తో గట్టు దిగొచ్చు. 50 ఆంపియర్లు లాగినా రెండు గంటలకు దగ్గరగా వస్తుంది, అడుగుదాకా వాడినా పెద్దగా నొచ్చుకోదు. కేరళలో వైకోం దగ్గర 2017 నుంచి 75 మందిని ఎక్కించుకుని తిరిగే సోలార్ పడవ 'ఆదిత్య' నడిచేదీ లిథియం మీదే. కొనేటప్పుడు రెండు విషయాలు గట్టిగా అడుగు. ఒకటి, లోపల బ్యాటరీని కాపాడే సర్క్యూట్, అదే బీఎంఎస్, నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? "పీక్ 100" అంటే కుదరదు, నిరంతరం 100 ఉండాలి. రెండోది, లిథియం ఫాస్ఫేట్‌కే చేసిన 14.6 వోల్టుల ఛార్జర్ కావాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కు తగిలించి నింపుతాననకు. పాత లాప్‌టాప్ సెల్స్ ఏరి చుట్టిన ప్యాక్ చవకగా ఇస్తానంటాడొకడు, వాడికి దండం పెట్టి వచ్చేయ్.

ఇప్పుడు కేబుల్. ఇక్కడే అందరూ కక్కుర్తి పడతారు. బ్యాటరీని పడవ మధ్యలో పెట్టి, మోటారును వెనక బిగిస్తే దూరం 3 మీటర్లనుకో. పోను 3, రాను 3, మొత్తం 6 మీటర్ల రాగి. నీ దగ్గరున్న 4 స్క్వేర్ (చదరపు మి.మీ.) ఇంటి వైరు వేస్తే 50 ఆంపియర్ల దగ్గర ఇంచుమించు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. అంటే 70 వాట్లు వైరు వేడెక్కడానికే ఖర్చు, మోటారుకు చేరేది పదిన్నర వోల్టులే. అదే 16 స్క్వేర్ అయితే నష్టం 0.35 వోల్టు. అందుకని 16కు తగ్గొద్దు, దూరం 5 మీటర్లయితే 25 తీసుకో. సన్న పోగులున్న ఫ్లెక్సిబుల్ రాగి కావాలి, టిన్ను పూసింది దొరికితే మరీ మంచిది. ట్రూప్ బజార్లో అడిగితే దొరుకుతుంది. కోసిన చోట గోటితో గీరి చూడు. లోపల తెల్లగా కనబడితే అది టిన్ను కాదు, రాగి పూసిన అల్యూమినియం. టిన్ను కింద ఎర్ర రాగి బయటపడుతుంది.

కేబుల్ చివర్లకు వేసే లగ్గులు సుత్తితో కొట్టి నొక్కొద్దు. హెక్స్ క్రింపింగ్ మెషిన్ నా దగ్గరుంది. నొక్కాక లాగి చూడాలి, జిగురున్న హీట్ స్లీవ్ ఎక్కించాలి. నెగెటివ్ వైరు మోటారు నుంచి నేరుగా బ్యాటరీకే రావాలి.

పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే 63 ఆంపియర్ల బ్రేకర్ పెట్టు. ఇంటి ఎంసీబీ పనికిరాదు. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ విడిపోతే నిప్పురవ్వ ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటు సున్నాకు రాదు, రవ్వ లోపలే అంటుకుని ఉంటుంది. సోలార్ సామాను కొట్లలో డీసీ ఎంసీబీ అని అడుగు. దాని మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే తారుమారు చేయకు.

మీ మీర్ ఆలం చెరువులో ఈ బ్రేకర్‌కు పని ఎక్కువే పడుతుంది. గండిపేట జలాశయం 1920లో రాకముందు పాతబస్తీ తాగిన నీళ్లు అవి, 21 కమానుల ఆ ఆనకట్ట ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నీళ్లే మురిగిపోయాయి. మురుగు వచ్చే చోట గుర్రపుడెక్క తగ్గదు. దాని వేళ్లు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు తిరగలేక మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు స్పీడు పెంచడం తెలివితక్కువ పని. ఆపి, బ్రేకర్ తీసి, అప్పుడే చెయ్యి పెట్టి తియ్యి. లిథియం బ్యాటరీ ఒక్కోసారి చెప్పాపెట్టకుండా కట్ అయిపోతుంది కాబట్టి తెడ్డు, లైఫ్ జాకెట్ పడవలో ఉండి తీరాలి.

ఎప్పుడూ ఫుల్ స్పీడులో పోవాలని లేదు. సగం స్పీడుకు లాగే కరెంటు సగం కన్నా చాలా తక్కువ. వల వేసేటప్పుడు ఆ మాత్రం చాలు, పొద్దంతా వస్తుంది.

పాత బ్యాటరీ యాసిడ్ చెరువు గట్టున ఒంపకు, నాకు తెచ్చివ్వు. సీసానికి రేటు కట్టి కొత్తదాంట్లో తగ్గిస్తాను. పైసలు తక్కువైతే బ్యాటరీకి నేను సర్దుతాను, కేబుల్లో మాత్రం తగ్గించకు. బ్యాటరీ ఎక్కడ పెడతావో ముందే అనుకుని, అక్కణ్ణుంచి మోటారు దాకా టేపుతో కొలిచి ఈ వారంలో పొడవెంతో చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య