పరుగూ బలమూ కలిసిన పందెం: అభ్యాసంలో తెలియవలసిన సంగతులు

దండీలు, బస్కీలు, గరిడీ సాము తెలుగువారికి కొత్తవి కావు. కామాటిపురకు పేరునిచ్చిన కామాటీలు మొదలుకొని వర్లీ, ప్రభాదేవి ప్రాంతాల బట్టల మిల్లులలో పనిచేసిన పద్మశాలీల వరకు, ముంబైకి వచ్చిన తెలుగువారిలో ఎక్కువమంది ఒళ్లు వంచి బతికినవారే. వారి మనుమల తరంలో చాలామంది నేడు కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నారు. ఆ తరంవారిని ఇప్పుడు ఒక కొత్త పందెం ఆకర్షిస్తున్నది.

హైరాక్స్ అనే ఈ పందెం 2017లో జర్మనీలో రూపుదిద్దుకున్నది. భారతదేశంలో తొలిసారిగా 2025 మే నెలలో ముంబైలోనే జరిగింది. ఇందులో పోటీదారు ఒక కిలోమీటరు పరుగెత్తి ఒక వ్యాయామం చేయాలి; మళ్లీ కిలోమీటరు, మళ్లీ మరొక వ్యాయామం. ఇలా ఎనిమిదిసార్లు. వ్యాయామాల వరుస ఎక్కడైనా ఒకటే: స్కీఎర్గ్ యంత్రంపై 1000 మీటర్లు, బరువు బండిని 50 మీటర్లు నెట్టడం, తాడుతో 50 మీటర్లు లాగడం, 80 మీటర్లు బర్పీలతో ముందుకు దూకడం, రోయింగ్ యంత్రంపై 1000 మీటర్లు, రెండు చేతులా బరువులు పట్టి 200 మీటర్ల నడక, భుజాలపై ఇసుక సంచితో 100 మీటర్ల లంజెస్, చివర 100 వాల్ బాల్స్. సాధారణ విభాగంలో పురుషులు నెట్టే బండి బరువు 152 కిలోలు, స్త్రీలది 102 కిలోలు.

ఈ అంకెలు చూసినవారు వెంటనే జిమ్‌కు వెళ్లి బరువులు పెంచడం మొదలుపెడతారు. పొరపాటు అక్కడే ఆరంభమవుతుంది. మొత్తం సమయంలో సగానికి పైగా సాధారణంగా పరుగుకే పోతుంది. కిలోమీటరుకు 7 నిమిషాలు తీసుకునే వ్యక్తికి ఎనిమిది కిలోమీటర్లకు 56 నిమిషాలు పడుతుంది. అతడు కిలోమీటరుకు 30 సెకన్లు తగ్గించుకోగలిగితే 4 నిమిషాలు మిగులుతాయి. బండిని నెట్టడంలో ఎంత బలం సంపాదించినా అంత సమయం ఆదా కావడం కష్టం. ఎందుకంటే సామాన్య పోటీదారుకు ఆ వ్యాయామం మొత్తానికి పట్టేదే కొద్ది నిమిషాలు.

అయితే పరుగు ఒక్కటే నేర్చినవారికీ ఇక్కడ చిక్కు తప్పదు. శివాజీ పార్కు చుట్టూ హాయిగా పరుగెత్తే కాళ్లు, బండిని నెట్టిన తరువాత ఒక్కసారిగా రాళ్లలా బిగుసుకుంటాయి. తొడ కండరాలు అలసి ఉంటాయి, ఊపిరి ఇంకా కుదుటపడదు, అడుగు చిన్నదవుతుంది. బరువు దించిన తరువాత వచ్చే ఈ కిలోమీటరే చాలామందిని వెనుకకు నెడుతుంది. దీనికి అలవాటుపడే మార్గం, అభ్యాసంలోనూ అదే స్థితిని కల్పించుకోవడం. వారానికి ఒకరోజు 800 మీటర్లో, కిలోమీటరో పరుగెత్తి, ఆగకుండా బస్కీలు లేదా లంజెస్ చేసి, వెంటనే మళ్లీ పరుగెత్తాలి. మొదట మూడు విడతలు చాలు. కొన్ని వారాలలో ఐదారుకు పెంచవచ్చు. చివరి పరుగు మొదటి పరుగుకు ఎంత దగ్గరగా ఉన్నదో గడియారంలో చూసుకోవడమే ఇందులో అసలు పరీక్ష.

మిగిలిన రోజులలో రెండు నెమ్మది పరుగులు ఉండాలి. నెమ్మది అంటే పక్కవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగినంత నెమ్మది. ఈ వేగం చాలామందికి నామోషీగా తోస్తుంది కాని, గుండెకూ ఊపిరితిత్తులకూ పునాది ఇక్కడే పడుతుంది. ఒకరోజు వేగపు పరుగు, రెండు రోజులు బలం కసరత్తు చేర్చి, ఒక రోజు పూర్తిగా విశ్రాంతి తీసుకుంటే వారం నిండుతుంది. కొత్తవారు ఇందులోనూ ఒకటి రెండు తగ్గించుకోవడం మంచిది.

రెండింటినీ ఎక్కువగా చేస్తే రెండూ పెరుగుతాయన్నది భ్రమ. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ 1980లో ప్రకటించిన పరిశోధనలో ఒక బృందం పది వారాలపాటు కఠినమైన బలం సాధననూ ఓర్పు సాధననూ కలిపి చేసింది. మొదట బలం పెరిగింది, తరువాత నిలిచిపోయింది, చివరి వారాలలో తగ్గింది. ఓర్పు మాత్రం తగ్గలేదు. ఆ బృందం దాదాపు ప్రతిరోజూ గట్టిగా శ్రమించినది గనుక, మితంగా చేసేవారికి అంత నష్టం ఉండదు. అయినా కఠినమైన పరుగునూ బరువైన కసరత్తునూ ఒకే పూట ఇరికించకుండా, వీలైతే వేర్వేరు రోజులకు పంచుకోవాలి.

జిమ్ రుసుము భారమైనవారికి ఇంటి వస్తువులే సాధనాలు. పురుషుల ఇసుక సంచి 20 కిలోలు, స్త్రీలది 10 కిలోలు; బియ్యం బస్తాను ఆ తూకానికి సరిచేసి భుజాన వేసుకుంటే సరిపోతుంది. చేతి బరువులు పురుషులకు ఒక్కొక్కటి 24 కిలోలు, స్త్రీలకు 16 కిలోలు. ఇక్కడ ముందుగా ఓడిపోయేది పిడికిలి. మార్కెట్టు నుండి సంచులు రెండు చేతులా మోసుకొచ్చే గృహిణికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బండిని లాగేటప్పుడు చేతులతో గుంజకుండా శరీర భారాన్ని వెనుకకు వాల్చడం మేలు.

పందెం రోజున మొదటి రెండు కిలోమీటర్లు మనసుకు తోచినదానికంటే నెమ్మదిగా సాగాలి. జనం కేకలకు పొంగి ముందే శక్తిని ఖర్చుచేసినవారు వాల్ బాల్స్ దగ్గర నిలబడిపోతారు. ఆ వంద విసుర్లను మొదటినుంచే పదిహేనో ఇరవయ్యో చొప్పున విడగొట్టుకుని, మధ్యలో రెండు మూడు శ్వాసలు తీసుకోవడం తెలివైన పని. ప్రతిసారీ పూర్తిగా కూర్చుని లేవకపోతే ఆ విసురు లెక్కకు రాదు. మొదటిసారి పాల్గొనేవారికి నలుగురి రిలే అనువైనది. అందులో ఒక్కొక్కరి వంతుకు రెండు పరుగులు, రెండు వ్యాయామాలే వస్తాయి.

ముంబై ఉక్కపోతలో చెమట పడుతుంది కాని ఆరదు. కనుక ఒళ్లు చల్లబడదు. వేసవిలో అభ్యాసం తెల్లవారకముందే ముగించాలి. కొత్తగా ఎండకు అలవాటుపడడానికి శరీరానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచి పానీయం. తల తిరగడం, మాట తడబడడం, తికమక కనిపిస్తే పరుగు ఆపించి నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోస్తూ అంబులెన్సుకు 108కి ఫోన్ చేయాలి.

నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన బంధువులు ఉన్నవారు పందేనికి పేరు నమోదు చేసుకోకముందే వైద్యుని చూడాలి. శ్రమలో ఛాతీ బరువెక్కడం, ఎడమ చేయి లాగడం గ్యాస్ అని తోసిపుచ్చదగిన లక్షణాలు కావు. చాలాకాలం విరామం తరువాత ఒకేసారి వందల బస్కీలు తీసినవారికి మరునాడు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే, దెబ్బతిన్న కండరాల నుండి వెలువడిన పదార్థం మూత్రపిండాలకు చేరుతున్నదని అనుమానించాలి. అది నొప్పి మాత్రతో సరిపెట్టుకునే విషయం కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.